లాల్‌ఖదాన్ దాకా ఒక ‘ఠక్’ వెంట

వాహనంలో పుట్టిన ఏ శబ్దాన్నైనా వెతుక్కుంటూ బయలుదేరే ముందు ప్రయాణికుడు మూడు విషయాలను నిర్ధారించుకోవలసి ఉంటుంది. మొదటిది, శబ్దం నిజంగా ఉన్నదా. రెండవది, ఆ శబ్దం వాహనంలో ఏ భాగానికి చెందినది. మూడవది, దానిని విన్న వ్యక్తి, వినడానికి తగిన హోదాలో ఉన్నాడా. ఈ మూడింటినీ నిర్ధారించుకోకుండా బయలుదేరినవారు డీజిలునూ కాలాన్నీ వృథా చేసినవారవుతారు. నేను మూడింటినీ సక్రమంగా నిర్ధారించుకున్నానన్న దృఢవిశ్వాసంతోనే బయలుదేరాను. ఆ ప్రయాణాన్ని, అటువంటి అవసరం మీద బిలాస్‌పూర్ వెళ్లదలచిన పాఠకుల సౌకర్యార్థం, జరిగిన క్రమంలోనే ఇక్కడ నమోదు చేస్తున్నాను.

తొంభైల మొదటి రోజులు. ఛత్తీస్‌గఢ్ ఇంకా వేరే రాష్ట్రం కాలేదు. కోర్బాలో బొగ్గుకు సంబంధించిన ఒక కార్యాలయంలో నేను పరిపాలనాధికారిని. మా కార్యాలయానికి ఒక పొడుగు జీపు ఉండేది. రేకు కప్పు, వెనుక రెండు వరుసల సీట్లు, తలుపు వేస్తే పక్క వీధికి కూడా తెలిసేంత గట్టి తలుపులు. ఈ కాలంలోనైతే దాన్ని ఎస్‌యూవీ అని గౌరవించేవారు. అప్పుడు ‘ముసలిబండి’ అనేవారు. జీపులో అధికారి ముందు సీటులో, డ్రైవరు పక్కన కూర్చోవడం లోకాచారం. అయితే కారు పొందే అర్హతకు నేను సరిగ్గా ఒక్క మెట్టు దిగువన ఉన్నందున, జీపునే కారుగా భావించి, కారులో అధికారులు కూర్చునే విధంగా వెనుక ఎడమవైపు కూర్చునేవాణ్ణి. అక్కడ నాకొక మెత్త కుట్టించారు. కాళ్ల దగ్గర ఫైళ్ల ఇనప్పెట్టె ఉండేది. ఆ రోజుల్లో నా బరువు తొంభై కిలోలకు కొంచెం పైన. ఇనప్పెట్టె బరువు ఎవరూ తూచలేదు గాని, దాన్ని దించడానికి ఇద్దరు కావలసి వచ్చేది.

ఆ సంవత్సరం వర్షాకాలం తర్వాత జీపు వెనుక భాగం నుంచి ఒక శబ్దం మొదలైంది. గుంటలో చక్రం పడి లేచినప్పుడల్లా ‘ఠక్’ మనేది. ఇనుప తలుపు మీద ఎవరో వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, తియ్యకపోయేసరికి వెళ్లిపోయినట్టు. నేను లాగ్‌బుక్కులో నమోదు చేశాను: ‘వాహనము వెనుక ఎడమ పార్శ్వమున అనుమానాస్పద లోహధ్వని వినవచ్చుచున్నది.’ ఆంగ్లంలో ఆ వాక్యం ఇంకా బాగుంటుంది. అంత బాగా కుదిరినందువల్ల మరుసటి నెల కూడా రాశాను. ఆపై నెల ‘మునుపటి వలెనే’ అని రాయబోయి, వాక్యాన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక మొత్తం తిరిగి రాశాను. ఈలోగా కోర్బాలో మూడు గ్యారేజీల్లో చూపించాం. ఒకరు షాకబ్జర్లు మార్చారు, ఒకరు సైలెన్సరు బిగించారు, ఒకరు వెనుక తలుపుకు రబ్బరు అంటించారు. ప్రతిచోటా మెకానిక్కు బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి శబ్దం లేదనేవాడు. నేను తిరిగి ఎక్కి కూర్చోగానే, మొదటి గుంటలోనే, ‘ఠక్’.

ఒక వాహనం మీద ఒకే ఫిర్యాదు మూడుసార్లు నమోదైతే దాన్ని పనికిరానిదిగా ప్రకటించే సంఘం ముందు పెట్టాలన్న నిబంధన మా కార్యాలయంలో ఉందని నాకు తెలుసు. ఆ నిబంధనకు శుద్ధప్రతి రాసింది నేనే. తెలియనిది, లేదా తెలిసీ ఆలోచించనిది, రెండవ పేరా. వాహనం రద్దయితే దానికి అనుబంధంగా ఉన్న డ్రైవరు పోస్టు కూడా రద్దవుతుంది. సంఘం సోమవారం కూర్చుంటుందనీ, అప్పటికి శబ్దకారణం తేలకపోతే బండి వేలానికి వెళుతుందనీ గురువారం కాగితం వచ్చింది.

డ్రైవరు పేరు కూర్మారావు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. వాళ్ల తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు, హిందీ చదువుతాడు. పదకొండేళ్లుగా ఆ జీపే నడుపుతున్నాడు. గురువారం సాయంత్రం నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“సార్, లాగ్‌బుక్కులో మూడుసార్లు ఏటో రాసినారంట. ఏటి సార్ అది?”

నేను చదివి, తెలుగులో అర్థం చెప్పాను.

“అచ్ఛా,” అన్నాడు. “మాట మంచిగుంది సార్.” తరువాత వెళ్లి, ఉదయం కడిగిన బండినే మళ్లీ కడిగాడు. కిటికీలోంచి చూశాను. ఎడమ వెనుక చక్రం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

బిలాస్‌పూర్‌లో చూపిద్దామని శనివారం ఉదయం అయిదున్నరకు బయలుదేరాం. ఈ మార్గంలో వచ్చేవారు కట్‌ఘోరా, పాలీ, రతన్‌పూర్ మీదుగా రావడం మంచిది. దూరం సుమారు నూరు కిలోమీటర్లు, అప్పటి రోడ్డు మీద నాలుగు గంటల పైమాట. చాంపా మీదుగా కూడా రావచ్చు గాని, ఆ దారిలో బొగ్గు లారీల వెనుక బతకాలి. రతన్‌పూర్‌లో ఎనిమిదిన్నరకు ఆగి, వేడి భజియాలు తిని టీ తాగాం. ఇద్దరికీ కలిపి ఆరు రూపాయలు. రతన్‌పూర్ వరకు శబ్దం నలభై మూడుసార్లు వచ్చింది. సాక్ష్యంగా పనికొస్తుందని ప్రతిదానికీ కాగితం మీద ఒక గీత గీశాను. కూర్మారావు ప్రతి ‘ఠక్’కూ భుజాలు కొద్దిగా ముడుచుకునేవాడు. అద్దంలో నన్ను చూసి, ఏదో చెప్పబోయి, మళ్లీ రోడ్డు వైపు చూసేవాడు. దానికి నేను గీత గీయలేదు.

రతన్‌పూర్ నుంచి వచ్చేవారికి కోనీ దాటగానే ముందు సర్కండా తగులుతుంది. అర్పా నది దాటి ఊళ్లోకి వెళ్లనక్కరలేదు. అక్కడే కమాన్ పని చేసే సాహూ మిస్త్రీ షాపు. జీపులకూ లారీలకూ వెనుక ఇరుసును మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీల దొంతరను కమాను అంటారు. చుట్టుపక్కల నాలుగు జిల్లాల నుంచి విరిగిన కమాన్లు ఆ షాపుకు వస్తాయి. వాకిట్లో పాత పట్టీలు కట్టెల మోపుల్లా పేర్చి ఉన్నాయి. తొమ్మిదీ నలభై అయిదుకు చేరుకున్నాం. నేను దిగాను. ఇనప్పెట్టె దించారు. నీడలో కుర్చీ వేశారు, టీ వచ్చింది. ఒక అధికారి మరమ్మతు స్థలానికి వచ్చినప్పుడు జరగవలసిన మర్యాదలన్నీ లోపం లేకుండా జరిగాయి.

సాహూ మిస్త్రీ అరవై ఏళ్ల మనిషి. మాట తక్కువ. బండి కింద వీపు ఆన్చి పడుకుని, కమాన్ను ఒక్కొక్క పట్టీ తడిమి చూశాడు. తరువాత కూర్మారావును పక్కన పెట్టుకుని, రైలు కట్ట వైపు గుంటల దారిలో రెండుసార్లు తిప్పుకొచ్చాడు. దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా ముందుకొచ్చాడు.

“సాబ్, గాడీ చుప్ హై,” అన్నాడు. బండి మౌనంగా ఉందని.

“పట్టీలు మార్చి చూడరాదా?” అని హిందీలో అడిగాను. “కార్యాలయం ఖర్చు భరిస్తుంది.”

అతడు నన్ను కొంచెం జాలిగా చూశాడు. లేని జబ్బుకు మందు వేస్తే రేపు ఉన్న జబ్బుకు నా మందు ఎవరు నమ్ముతారు, అన్నాడు. చూసినందుకు ఒక్క పైసా తీసుకోలేదు. ఇరవై మూడేళ్ల సర్వీసులో, చేయని పనికి బిల్లు పెట్టనివాణ్ణి నేను చూడటం అదే మొదలు. తగిన గౌరవంతో లేచి నిలబడ్డాను. ఆ తరువాతే అతడు కూర్మారావుతో ఛత్తీస్‌గఢీలో ఏదో అన్నాడు. కూర్మారావు ముఖం మారింది.

“ఏమన్నాడు?”

“ఇనుము మాట పట్టాలంటే లాల్‌ఖదాన్‌లో మన తెలుగాయన ఉన్నాడు, ఆయన దగ్గరకి ఎల్లమన్నాడు సార్. గౌరునాయుడు బాబాయ్. మా నాన్నతో పనిసేసినాడు. రైలు ఆగ్గానే సుత్తి పట్టుకుని సక్రాలన్నీ కొట్టుకుంటా ఎల్తారు సూడండి, ఆ డూటీ. మోతని బట్టి పగులుందో లేదో సెప్పీసీవోడు.”

“మంచిదే. వెంటనే వెళదాం.”

“ఒక్కటే సార్,” అన్నాడు కూర్మారావు, చూపు తిప్పుకుని. “ఆయనకి ఇప్పుడు సెవుడు.”

శబ్దకారణాన్ని చెవిటివాడి చేత నిర్ధారింపజేయడానికి అనుమతించే నిబంధన ఏదైనా ఉందా అని ఆలోచించాను. నిషేధించే నిబంధన కూడా లేదు. ఎక్కాను. ఇనప్పెట్టె ఎక్కించారు. సర్కండా చౌరస్తా దాటకముందే ‘ఠక్’.

అర్పా వంతెన దాటి ఊళ్లోంచి, స్టేషను ముందునుంచి, రైల్వే కాలనీ ఎర్ర ఇటుక క్వార్టర్ల పక్కగా తూర్పుకు పోతే లాల్‌ఖదాన్. దూరం పెద్దది కాదు గాని, రైలు ఫాటకు వేసి ఉంటే మాత్రం దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టడం వృథా. మేము చేరేసరికి పదకొండూ నలభై, గేటు పడింది. బొగ్గు రైలు ఒకటి, ఎటూ తొందర లేని మనిషిలా, వస్తోంది. ఇంజను ఆపి ఇద్దరం కూర్చున్నాం.

“సార్,” అన్నాడు కూర్మారావు ముందుకే చూస్తూ. “బండి పోతే నన్ను ఎక్కడేస్తారు?”

“నిబంధన ప్రకారం డ్రైవరు పోస్టు వాహనానికి అనుబంధం.”

“అంటే?”

“వాహనంతోపాటు వచ్చే సామగ్రి జాబితా ఉంటుంది. దానిలో భాగంగా…”

“స్టెపినీ, జాకీ, పానాలు, కూర్మారావు,” అన్నాడు.

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ జాబితా నేను తయారుచేసినదే గనక, వరుసలో అతడు చెప్పినదానికి చిన్న సవరణ ఒకటి ఉందని తెలుసు. డ్రైవరు, జాకీకి ముందు వస్తాడు. చెప్పలేదు. రైలు వెళుతూనే ఉంది.

“పెద్దోడు తొమ్మిదో క్లాసు సార్,” అన్నాడు. “బయట లారీ తోలమంతారు గానీ, లారీ అయితే నెలకి రెండు మాట్లే ఇంటికి. ఇది ఉంటే సందేళకి ఇంట్లో ఉంతాను. అంతే సార్. ఇంకేటి నేదు.”

గేటు లేచింది.

గౌరునాయుడి ఇల్లు పట్టాలకు వంద గజాల దూరంలో ఉంది. రెండు గదులు, పెంకుటింటి ముందు అరుగు, పక్కన చిన్న మడి. ఆయన భార్య పైడమ్మ మడిలో ఆకు కోస్తోంది. కూర్మారావును చూడగానే కొడవలి అలాగే పట్టుకుని వచ్చింది.

“ఏటిరా కూర్మా, దారి తప్పినావా? పిన్ని బతికుందో పోయిందో సూడ్డానికొచ్చినావా?”

“ఆఫీసు పని మీదొచ్చినాం పిన్నీ. ఈయన మా సార్.”

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. “కూకోండి బాబూ. ఏటి మీ సారికి కుర్సీ ఎయ్యవేటిరా?” అని లోపలినుంచి ఇనుప కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, వేపచెట్టు నీడలో వేసింది. ఇనప్పెట్టె దించి నా పక్కన పెట్టారు.

గౌరునాయుడు అరుగు మీద గోడకానుకుని, పల్చగా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. నేను నమస్కరించి, శబ్దం స్వరూపం, కాలం, పౌనఃపున్యం వివరించబోయాను. ఆయన చెయ్యి పైకెత్తాడు.

“సెప్పకండి బాబూ. సెప్తే అదే ఇనపడతాది.”

“ఇనపడితే గదా!” అంది పైడమ్మ లోపలినుంచి. “నాను పిలిస్తే ఇనపడదు. పొయ్యిమీద పాలు పొంగిపోతన్నాయని అరిసినా ఇనపడదు. ఇనుము పిలిస్తే మాత్రం లెగుస్తాడు ఈ మడిసి!”

లేచాడు. గోడకు చేరేసి ఉన్న సుత్తిని తీసుకున్నాడు. పొడవైన వెదురు పిడి, చివర చిన్న ఇనుప తల. నేను అలాంటి సుత్తిని ప్లాట్‌ఫారాల మీద వెయ్యిసార్లు విన్నాను, ఒక్కసారీ చూడలేదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనుక వంగి, కుడి కమాన్ను తట్టాడు. ‘ఖణ్’. ఎడమ కమాన్ను తట్టాడు. ‘ఖణ్’. ప్రతి పట్టీనీ విడివిడిగా తట్టుకుంటూ వెళ్లాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. దెబ్బ పడగానే సుత్తి వెనక్కి ఎగురుతుంది కదా, ఆ ఎగరడాన్ని అరచేతిలో వింటున్నాడు. పైడమ్మ కూడా గుమ్మంలో మాట్లాడకుండా నిలబడింది.

“బాగుంది,” అన్నాడు చివరికి. “కానీ ఇది ఖాళీ బండి.”

“అవును బాబాయ్,” అన్నాడు కూర్మారావు.

“ఖాళీ బోగీ అబద్ధమాడతాదిరా. పగులు దగ్గరకి మూసీసుకుని, నాకేటి నేదంతాది. లోడు పడినాకనే నిజం సెప్తాది. ముప్పైమూడేళ్లు ఇదే సూసినాను. యార్డులో బాగున్న సక్రమే, జనం ఎక్కినాక స్టేషన్లో ‘బద్’ మని పలుకుతాది.” కూర్మారావు చెవి దగ్గరకు వంగి, అందరికీ వినపడేట్టు అడిగి, జవాబు కోసం అతని పెదాల వైపు చూశాడు. “ఈ బండిలో రోజూ ఏటి ఎల్తాది?”

“ఏటుంది బాబాయ్… సార్. సార్ ఫైళ్ల పెట్టె.”

“ఎక్కడ?”

“ఎనకాల. ఎడం పక్క.”

“మరి సారేరి?”

కూర్మారావు నా కుర్చీ వైపు చూశాడు. పైడమ్మ నా కుర్చీ వైపు చూసింది. గౌరునాయుడు సుత్తి నేలకానించి, నన్నూ ఇనప్పెట్టెనూ తేరిపార చూశాడు.

“జొరం మడిసికొస్తే మంచాన్ని తెచ్చినావేటిరా వైద్యుడికాడికి?”

కోర్బాలో మూడు గ్యారేజీలు, సర్కండాలో సాహూ మిస్త్రీ. అన్నిచోట్లా నేను దిగాను, పెట్టె దిగింది, కుర్చీ వచ్చింది, టీ వచ్చింది. అన్నిచోట్లా శబ్దం లేదన్నారు. శబ్దం నాతోపాటే దిగి, నాతోపాటే టీ తాగి, నాతోపాటే మళ్లీ ఎక్కింది.

“కూర్మారావూ,” అన్నాను. “నీకు ఈ సంగతి తెలుసా?”

అతడు తల వంచుకున్నాడు. “మొదటి నెల్లోనే తెలిసింది సార్. మీరు దిగితే ఆగిపోద్ది. మీరు ఎక్కితే వచ్చీస్తాది.”

“చెప్పలేదేం?”

“ఏటని సెప్పను సార్?” అన్నాడు. గొంతు పెంచలేదు. “సార్, మీ బరువుకి బండి మూలుగుతన్నాది అని సెప్పనా? మెకానిక్కులకి సూపించడానికి మీరు దిగకండి, ఇందులోనే కూకోండి, మిమ్మల్ని జాకీ మీద లేపుతారు అని సెప్పనా? ఏ డ్రైవరు సెప్తాడు సార్ ఆఫీసరుకి?”

ఈ మనిషి తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, ఆ ఒక్క వాక్యాన్ని మర్యాద దాటి పలకలేక, బండిని రెండుసార్లు కడిగి ఊరుకున్నాడు. నేను మూడు వాక్యాలు రాశాను. లేచి, వెళ్లి, జీపులో వెనుక ఎడమవైపు నా స్థానంలో కూర్చున్నాను. పెట్టె ఎక్కించారు.

గౌరునాయుడు ఎడమ కమాన్ను మళ్లీ తట్టాడు. ‘ఖణ్’. కింది పట్టీ, ‘ఖణ్’. పైనుంచి రెండో పట్టీ అంచు దొరకబుచ్చుకుని తట్టాడు. ‘బద్’. తడి గోనెసంచి మీద కొట్టినట్టు. సుత్తి ఎగరలేదు. అక్కడే ఉండిపోయింది.

“పట్టీసింది,” అన్నాడు. “సూడు, సుత్తిని వొగ్గడం నేదు. ఇరుసు మీద బిగించిన సోట, లోపల, పట్టీ సిట్లిపోయింది. దొంతరని కలిపే నడిం బోల్టు కూడా తెగిపోయుంతాది. పైకి అగుపడదు. దిగండి బాబూ.” దిగాను. అదే చోట తట్టాడు. ‘ఖణ్’. “ఎక్కండి.” ఎక్కాను. ‘బద్’. నాలుగుసార్లు దించి ఎక్కించాడు. నాలుగోసారి పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“భోజనం సెయ్యకుండా ఎక్కడికీ ఎల్లడానికి నేదు,” అని తీర్మానించింది తరువాత. అన్నం, గోంగూర పప్పు, వేయించిన ఎండుమిరపకాయలు. గోంగూర మడిలోదే. “ఇక్కడోళ్లు దీన్ని అమారీ భాజీ అంతారు బాబూ. మా అత్త సీకాకులం నుంచి గింజలు కొంగున కట్టుకొచ్చింది. ఇక్కడ సూస్తే సంత నిండా అదే!” అంది. బిలాస్‌పూర్ వెళ్లే పాఠకులు ఈ ఆకును ఏ పేరుతోనైనా అడగవచ్చు. పైడమ్మ వండినట్టు మాత్రం ఏ హోటల్లోనూ అడగవద్దు.

రెండుంబావుకు తిరిగి సర్కండా. గౌరునాయుడు కూడా వచ్చాడు. ముందు సీటులో, అధికారులు కూర్చోవలసిన చోట. సాహూ మిస్త్రీ ఆయన మాట విని ఒక్క ప్రశ్న వేయకుండా జాకీ పెట్టాడు. ఈసారి నేను కుర్చీ వద్దన్నాను. ఇరుసును బిగించే బోల్టులు విప్పి దొంతరను కిందకు దించాడు. నడుమ బోల్టు రెండు ముక్కలుగా బయటికొచ్చింది. రెండో పట్టీని తుడిచి ఎండకు పట్టాడు. బిగింపు కింద, వెంట్రుక మందంలో, అడ్డంగా, తుప్పు ఎర్రదనంతో ఒక గీత. సాహూ మిస్త్రీ తన రెండు చెవులనూ వేళ్లతో తాకి, గౌరునాయుడి పాదాల వైపు వంగాడు. గౌరునాయుడికి అర్థమైనట్టు లేదు. లేదా అర్థమై వినపడనట్టు ఊరుకున్నాడు.

ఆ తరువాత చూసిన రెండు గంటల పని గురించి ఎంత రాసినా తక్కువే. లారీ పాత పట్టీని కొలిచి కోశాడు. కొలిమిలో కాల్చి, వంపు తిప్పుతూ, కన్నుతోనే కొలత చూస్తూ సుత్తి వేశాడు. రంగు నారింజ నుంచి ముదురు ఎరుపుకు తిరిగే క్షణం కోసం ఆగి, నూనెలో ముంచాడు. దొంతరలో పెడితే పక్క పట్టీలకూ దానికీ మధ్య కాగితం దూరలేదు. నా కాగితమే, నలభై మూడు గీతలున్నది, దూర్చి చూశాను. కొత్త నడుమ బోల్టు, కొత్త బిగింపు బోల్టులు, పట్టీ చివరల రబ్బరు బుష్‌లు. అన్నీ కలిపి రెండువందల ఎనభై రూపాయలు. రసీదు కూడా ఇచ్చాడు. గౌరునాయుడికి ఏమివ్వాలని అడిగితే, వినపడలేదన్నాడు. రెండోసారి అడిగితే మళ్లీ వినపడలేదన్నాడు.

అయిదుంబావుకు కోనీ దారిలో తిప్పాం. నేను వెనుక ఎడమవైపు, కాళ్ల దగ్గర పెట్టె. మొదటి గుంట వచ్చింది. కూర్మారావు భుజాలు అలవాటుగా ముడుచుకున్నాయి. జీపు దిగింది, లేచింది. ఏమీ లేదు. రెండో గుంట. ఏమీ లేదు. మూడో గుంటను కూర్మారావు కావాలనే వెతుక్కుని వెళ్లి పడేశాడు. లేచాక భుజాలు దించి, స్టీరింగు మీద ఒక్కసారి అరచేత్తో మెల్లగా తట్టాడు. అద్దంలో నన్ను చూడలేదు. ఈసారి అతనికి చెప్పవలసినదేదీ మిగల్లేదనుకుంటాను.

గౌరునాయుణ్ణి ఇంటి దగ్గర దించినప్పుడు ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, ఎడమ వెనుక చక్రం పైన రేకు మీద ఒక టిక్కు పెట్టి, పక్కన తెలుగులో ‘గౌ’ అని రాశాడు. బోగీ పరీక్ష అయ్యాక పెట్టే గుర్తు. “ఇది సెరపకండి బాబూ. వానకే పోవాల,” అన్నాడు.

సోమవారం ఉదయం లాగ్‌బుక్కులో నాలుగో నమోదు చేశాను. ఈసారి హిందీలో, కూర్మారావు చదవగలిగే అక్షరాల్లో: ‘శబ్దకారణము: వెనుక ఎడమ కమాను రెండవ పట్టీ. శబ్దము వినవచ్చు సందర్భము: ఈ దిగువ సంతకము చేసినవారు ఆసీనులై ఉన్నపుడు మాత్రమే. తనిఖీల యందు అది వినరాకపోవుటకు కారణము: ఈ దిగువ సంతకము చేసినవారు ప్రతి తనిఖీ యందును దిగిపోవుట. డ్రైవరు దోషము లేదు.’ సంఘంలో ముగ్గురు. అధ్యక్షుడు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. తరువాత నన్ను బండెక్కించి కార్యాలయం ఆవరణలో తిప్పించారు, దింపి తిప్పించారు, మళ్లీ ఎక్కించారు. నౌకర్లందరూ వరండాలోకి వచ్చి చూశారు. సుద్ద గుర్తు ఏమిటని అడిగారు. రైల్వే పద్ధతి ప్రకారం నిర్ధారణ అన్నాను. ఆ ధ్రువపత్రాన్ని ఎవరూ కాదనలేదు. జీపు రద్దు కాలేదు. మరి ఏడేళ్లు నడిచింది. నడిచినన్నాళ్లూ కూర్మారావే నడిపాడు, సందేళకు ఇంటికి వెళ్లాడు. సుద్ద గుర్తు జూన్ మొదటి వానదాకా ఉంది. అప్పటిదాకా అతడు బండి కడిగినప్పుడల్లా ఆ చోటు చుట్టూ తుడిచి, అరచెయ్యంత దుమ్మును ఉంచేసేవాడు.

ఇన్నేళ్ల తరువాత ఆ ప్రయాణాన్ని తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది శబ్దం కాదు. పగిలిన పట్టీ మీద పడి, ఎగరకుండా నిలిచిపోయిన సుత్తి. నా చుట్టూ ఉన్నవారందరూ మర్యాదగా ‘ఖణ్’ మనే రోజుల్లో, బరువు తన మీద ఉన్నప్పుడు నిజం పలికింది ఆ ఒక్క ఉక్కుముక్కే. ఆ నిజాన్ని వినడానికి ఒక చెవిటి ముసలాయన, లేని జబ్బుకు మందు వేయని ఒక మిస్త్రీ ఉన్న ఊరు బిలాస్‌పూర్. దాన్ని నేను ఇప్పటికీ రైలు జంక్షనుగా మాత్రమే తలచలేను. అటువైపు వెళ్లేవారికి ఆచరణలో పనికొచ్చే సలహా ఒక్కటే: బండిని మరమ్మతుకు తీసుకువెళ్లేటప్పుడు అందులో రోజూ కూర్చునేవారిని రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టండి, రోజూ మోసే సామాను దించకండి, కుర్చీ వేస్తామంటే ఒప్పుకోకండి.

ఈ అనుభవం దృష్ట్యా, నా అధికార పరిధి ఉన్నంతవరకూ, అది లేనిచోట కూడా, ఈ కింది నిబంధనను జారీ చేస్తున్నాను. వాహనమునందు శబ్దము వచ్చినయెడల మొట్టమొదట అందు ఆసీనుడైన అధికారిని పొడవు పిడి గల సుత్తితో మృదువుగా తట్టి చూడవలెను. అధికారి ‘ఖణ్’ మని మ్రోగినచో మాత్రమే వాహనమును పరీక్షింపవలెను. ‘బద్’ మని పలికినచో వాహనమును వదలి, అధికారి భుజముపై సుద్దతో ఇంటూ గుర్తు పెట్టవలెను. అది వానకు మాత్రమే చెరగవలెను. ఈ నిబంధన అంతిమము. దీనిపై విన్నపములు, చెవులు బాగున్న వారి నుండి, స్వీకరింపబడవు.